గీతే, పగల్లేదు

గోల్ఫ్ నేర్చుకుంటే ఆదివారాలు దక్కుతాయని నమ్మడం నా బుద్ధితక్కువ. డుంబ్రిగుడలో నేను పనిచేసే కాఫీ తోట మేనేజరు గారు శనివారం సాయంత్రాలు కోతైన చోడి, అదే రాగి, చేలో నాతో ఆడేవారు. ఓడినవాడిది ఆదివారం తోట కాపలా. విశాఖలో మా ఆవిడ నా ముఖం మరిచిపోయేలా ఉంది.

బంతి పగిలితే మార్చుకోవచ్చు, గీత పడితే కుదరదు. అదీ నియమం. రాయి తగిలి నా బంతి నోరు తెరిచినా, ఆయన బొటనవేలు ఉమ్మితో తడిపి దానిమీద రుద్దేవారు.

"ఏటయ్యా ఆ సూపు? గీతే, పగల్లేదు. బేగి ఆడు!"

గుంతలో పడేది బంతి కాదు, నేనే.

ఒక శనివారం ఆయన బంతి పగిలింది. ఆయన కొత్తది తీస్తుంటే నేను బొటనవేలు తడుపుకున్నాను.

"ఏటండీ ఆ సూపు? గీతే, పగల్లేదు. బేగి ఆడండి!"

తన మాట తానే కాదనలేక ఆడారు, ఓడారు. ఆ ఆదివారం విశాఖలో మా ఆవిడ చేతి కాఫీ రెండుసార్లు తాగాను.