రైలు రాని రోజు

ఖరగ్‌పూర్‌ రైల్వే ట్రాఫిక్ కాలనీలోని మా క్వార్టర్లో, నా చిన్నప్పుడు, గడియారం మాటకంటే రైలు మాటే ఎక్కువ చెల్లేది. గోడకు గడియారం లేకపోలేదు. అది ఆగిపోయినా వారం దాకా ఎవరూ తాళం ఇచ్చేవారు కారు. పొద్దున్నే లోకల్ కూత వినబడితే నానమ్మ ఎసరు పెట్టేది. వర్క్‌షాపు సైరన్ మోగితే అమ్మ మమ్మల్ని బడికి తరిమేది. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. అందుకని మా ఇంట్లో పుట్టిన పిల్లలెవరికీ రైలు చప్పుడు లేని నిద్ర ఎలా ఉంటుందో తెలియదు.

మా చిన్నాన్న, పిన్ని కూడా ఆ ఇంట్లోనే మాతో ఉండేవారు. చిన్నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఒకరోజు వ్యాగను మీద పని చేస్తూ కాలు జారి కిందపడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది. కలకత్తా ఆసుపత్రిలో నెలల తరబడి ఉండి ఇంటికి వచ్చేసరికి ఆయనకు నడుము కింద కదలికా లేదు, తాకితే తెలియడమూ లేదు. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆ నోటితోనే ఇంటిల్లిపాదినీ నవ్వించేవాడు, ఆ నోటితోనే కూరలో ఉప్పు తగ్గిందని పిన్నిని ఏడిపించేవాడు. స్నేహితులు పాత సైకిలు చక్రాలు బిగించి ఆయనకో కుర్చీ చేసి తెచ్చారు. అది గడప దాటడానికి వీలుగా ఏటవాలుగా ఒక చెక్క వేశారు. గడప కనబడకుండా పోయిందని నానమ్మ కొన్నాళ్లు సణిగి, చివరికి ఒక శుక్రవారం ఆ చెక్కకే పసుపు రాసి బొట్లు పెట్టింది. చిన్నాన్న కుర్చీ దాని మీదుగా వెళ్తే వరండా పొడుగునా పసుపు గీతలు పడేవి.

ఆసుపత్రిలో ఆయనకు ఒక సంగతి గట్టిగా చెప్పి పంపారు. కదలకుండా కూర్చుంటే ఒళ్లు నలిగి పుండు పడుతుంది. తక్కినవాళ్లం కాస్త తిమ్మిరెక్కగానే మనకు తెలియకుండానే సర్దుకుంటాం. ఆయనకు ఆ తిమ్మిరి తెలియదు. కాబట్టి మాటిమాటికీ రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, ఒళ్లు పైకెత్తి, కాసేపు ఆపి దించుకోవాలి. గడియారం చూసుకుంటూ చేయమన్నారు. మా చిన్నాన్న గడియారం చూసే రకం కాదు. “మనింటి ఎనకాల ఇన్ని బళ్లు పోతంటే గడియారం ఏటికి? బండి ఎల్లినప్పుడల్లా నేనూ లెగుత్తాను” అన్నాడు.

అన్నట్టే చేసేవాడు. ప్యాసింజరు వెళ్లినా, గూడ్సు వెళ్లినా, ఒట్టి ఇంజను వెళ్లినా సరే, మాట్లాడుతున్న మాట సగంలో ఆపి, చేతుల మీద లేచి, బండి పోయాక దిగి, ఆ మాట పూర్తి చేసేవాడు. తెలియనివాళ్లు వస్తే రైలుకు నమస్కారం పెడుతున్నాడేమో అనుకునేవారు. మేము పిల్లలం కూడా ఆయనతో పాటు చేతుల మీద లేవబోయి కిందపడి నవ్వుకునేవాళ్లం. ఇంట్లో ఎవరికీ ఆయనకు గుర్తుచేసే అవసరమే రాలేదు.

ఆ ఏడు ఆయనకు ఒక ఆశ చిక్కింది. వర్క్‌షాపులోనే, పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే గదిలో, కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. దుర్గాపూజ సెలవులయ్యాక డాక్టరు ముందుకు వెళ్లి, రోజంతా కూర్చోగలడని చూపించుకోవాలి. ఆ మాట విన్న దగ్గర్నుంచి చిన్నాన్న మళ్లీ రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. ఆయనకు మళ్లీ సైరన్ మోగినప్పుడు ఇంట్లోంచి పనికి బయలుదేరాలని ఉండేది. ఆ సంగతి ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పూజలకు ముందు ఒక రాత్రి కుండపోతగా వాన కురిసింది. ఎక్కడో లైను మీదికి నీళ్లొచ్చి బళ్లన్నీ ఆగిపోయాయి. మర్నాడు ఆదివారం. చిన్నాన్న స్నేహితులు గొడుగులేసుకుని వచ్చి వరండాలో పేకాటకు కూర్చున్నారు. ఆవనూనె కలిపిన మరమరాలు, ఆలూ చాపులనే బంగాళాదుంప బజ్జీలు, టీ మీద టీ. పిన్ని వంటింట్లోకీ వరండాలోకీ తిరుగుతూనే ఉంది. చిన్నాన్నకు ముక్కలు బాగా పడుతున్నాయి. దెబ్బ తగిలాక ఆయన అంత హాయిగా నవ్వడం నేను అదే చూడటం. చీకటి పడేదాకా ఆట సాగింది. ఆ రోజంతా మా ఇంటి వెనక ఒక్క బండి కూడా వెళ్లలేదు. ఆయన ఒక్కసారి కూడా లేవలేదు. ఆ సంగతి ఆయనకూ తట్టలేదు, మాలో ఎవరికీ తట్టలేదు.

పడుకోబెడుతున్నప్పుడు పిన్ని చూసింది. కూర్చున్నచోట చర్మం కమిలిపోయి ఉంది. నాలుగు రోజులు తిరక్కుండానే అది పుండైంది. పక్కింటి బెంగాలీ దీదీ నర్సు. ఆమె వచ్చి చూసి, మానేదాకా కూర్చోవడానికి వీల్లేదు, బోర్లా పడుకోవాలి అని చెప్పింది. డాక్టరూ అదే మాట అన్నాడు. ఆ పనికి వేరేవాళ్లూ అడుగుతున్నారని, ఎక్కువ రోజులు ఆపలేరని స్నేహితులు కబురు తెచ్చారు. నానమ్మ పేకముక్కలన్నీ పొయ్యిలో పారేసి ఆ స్నేహితులను నోటికొచ్చినట్టు తిట్టింది. చిన్నాన్న మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు. గడ్డం పెరిగింది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చాలనేవాడు. వెనక బండి వెళ్తుంటే చెవులు మూసుకునేవాడు. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

రోజూ సాయంత్రం దీదీ వచ్చి కట్టు మార్చేది. పిన్ని సాయం పట్టేది. ఒకరోజు నేను దూది పట్టుకుని నిలబడి ఉండగా దీదీకి కోపం వచ్చింది. నీ ఒళ్లు నువ్వే అద్దం పెట్టి చూసుకోవాలని ఆసుపత్రిలో నేర్పారు కదా, ఇన్నాళ్లలో ఒక్కసారైనా చూసుకున్నావా, అని బెంగాలీలో కసిరింది. నేర్పిన మాట నిజమే. చిన్నాన్నే వద్దనేవాడు. చచ్చిపడిన ఒంటిని చూసేదేమిటని ఆయన ఉద్దేశం. ఆ చూడటమంతా పిన్నికి వదిలేశాడు. దీదీ ఆయన మాట వినిపించుకోలేదు. పిన్ని చేత గోడ మీది అద్దం తీయించి వెనకవైపు పట్టించింది. చేతిలో ఇంకో చిన్న అద్దం పెట్టి చూడమంది.

చిన్నాన్న చాలాసేపు చూశాడు. పుండు చూసి భయపడ్డాడనుకున్నాను. ఆయన మాత్రం పుండు మాట ఎత్తలేదు.

“నీ నడుం ఎప్పటినుంచి నొప్పెడతంది?” అని పిన్నిని అడిగాడు.

ఆయన చేతి అద్దంలో వెనకున్న పిన్ని కూడా కనబడుతోంది. ఒక చేత్తో గోడ అద్దం పట్టుకుని, రెండో చెయ్యి నడుముకు అదిమిపెట్టి, ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంది. ఆమె అలా నిలబడటం రోజూ చూస్తున్నా నేను ఏమీ అనుకోలేదు. అది ఆమె తీరు అనుకున్నాను.

“నాకేటి, బాగానే ఉన్నాను” అంది పిన్ని.

దీదీ వెళ్లాక చిన్నాన్న నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. గొంతు బాగా తగ్గించి చెప్పాడు. “సూడమ్మా, నా ఒంటికి నొప్పి తెల్దు, అందుకని సెప్పదు. మీ పిన్నికి తెలుసు, అయినా సెప్పదు. రొండింటినీ మనమే కళ్లెట్టి సూసుకోవాల. నేను రొండూ సూళ్లేదు.” అని దిండులో మొహం పెట్టుకున్నాడు. పెద్దవాళ్లు అలా ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. ఏం చేయాలో తోచక ఆయన జుట్టు నిమిరాను.

ఆ మర్నాటి నుంచి ఆయన పట్టుదల వేరు. మంచం పైన దూలానికి తాడు కట్టించుకుని, బోర్లా ఉన్నవాడు తనంతట తాను పక్కకు తిరగడం సాధన చేశాడు. పుండు మానే కొద్దీ, మంచానికీ కుర్చీకీ మధ్య నున్నటి పలక వేయించుకుని, దాని మీద జరుగుతూ ఒంటరిగా కుర్చీలోకి మారడం నేర్చుకున్నాడు. మొదట్లో జారిపోయేవాడు. పిన్ని పరిగెత్తుకొస్తే, “నువ్వు రాకు, దూరంగా ఉండు” అని కసిరేవాడు. ఆ కసురు పిన్ని నడుము మీది దిగులేనని కనిపెట్టి నానమ్మ ఆమెను చూసి నవ్వేది. పొద్దునా రాత్రీ అద్దం పెట్టుకుని తన ఒళ్లు తనే చూసుకునేవాడు. చేతుల మీద లేవడానికి ఇక బండి కోసం చూడలేదు. టీ చల్లారేలోపు ఒకసారి, పేపరు పేజీ తిప్పితే ఒకసారి, ఊరికే ఒకసారి లేచేవాడు.

చలికాలం వచ్చేసరికి పుండు మానింది. అదృష్టం కొద్దీ ఆ పని ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. డాక్టరు రోజంతా కూర్చోబెట్టి చూసి సరేనన్నాడు.

పనిలోకి వెళ్లే రోజు పొద్దున సైరన్‌కి ముందే వీధి వీధంతా మా గుమ్మం ముందు చేరింది. చిన్నాన్న తనే స్నానం చేసి, తనే చొక్కా తొడుక్కుని, తనే కుర్చీలోకి మారి, చక్రాలు తిప్పుకుంటూ రోడ్డెక్కాడు. అందరం చేతులూపుతున్నాం. నేను కుర్చీ వెంట పరిగెత్తాను. ఆయన ఆగి, “నన్నేటి సూత్తావు? ఎనక్కెల్లి మీ పిన్నిని సూడు” అన్నాడు.

వెనక్కి వచ్చి చూశాను. వంటింట్లో పిన్ని గోడకు చేరగిలబడి, కాళ్లు బారజాపుకుని నేల మీద కూర్చుని ఉంది. చేతిలో టీ గ్లాసు. పొద్దుటిపూట ఆమె కూర్చోగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. పక్కన కూర్చుని నడుము మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కాను. “అక్కడే” అంది కళ్లు మూసుకుని.

చిన్నాన్న రిటైరయ్యేదాకా ఆ ఉద్యోగమే చేశాడు. ఇప్పుడు ఆయనా లేడు, పిన్నీ లేదు. నాకు మనవలు పుట్టారు. ఏ ఇంట్లోనైనా జబ్బుపడినవాళ్లను చూడటానికి వెళ్తే, మంచం మీది మనిషిని పలకరించాక వంటింట్లోకి వెళ్తాను. ఎవరో ఒకావిడ బాగానే ఉన్నానంటూ నిలబడే ఉంటుంది. ముందు ఆమెను కూర్చోబెడతాను.