సెల్స్ లేని గేమ్‌లో జారుడుగుంట

దెయ్యాలున్నాయనే వాళ్లతో వాదించి వాదించి విసిగిపోయినవాణ్ణి నేను. విశాఖలో నాకు బ్యాటరీలు, ఇన్వర్టర్ల షాపు ఉంది. కరెంటు లేనిదే ఏదీ వెలగదన్న నమ్మకం మీదే నా వ్యాపారం నడుస్తోంది. అలాంటివాణ్ణి ఇప్పుడు ఇది రాయాల్సి వచ్చినందుకు నా మీద నాకే చిరాకుగా ఉంది. అయినా రాయాలి. ఎవరినీ భయపెట్టడానికి కాదు. చిన్నప్పుడు మా అక్క మీద నేను వేసిన నింద ఇంకా అలాగే ఉండిపోయింది.

తొంభైల్లో మాట. అప్పుడు చోడవరంలో ఉండేవాళ్లం. ఓడల్లో పనిచేసే మా చిన్న మావయ్య జపాన్ వెళ్లినప్పుడు చేతిలో పట్టేంత వీడియో గేమ్ ఒకటి తెచ్చి, నాకూ అక్కకూ కలిపి ఇచ్చాడు. రంగుల్లేని చిన్న తెర. అడుగున కత్తిలాంటిది బిగించిన బూట్లేసుకుని ఐసు మీద జారుతూ, గిర్రున తిరుగుతూ, గెంతుతూ ఉండే పిల్ల అందులో ఉంటుంది.

ఆ పిల్లని ఊరికే ఆడిస్తే సరిపోదు, పెంచాలి. తిండి పెట్టాలి, బడికి పంపాలి, ఐసు మీద సాధన చేయించాలి, పడుకోబెట్టాలి. పట్టించుకోకపోతే అలుగుతుంది. అన్నీ సరిగ్గా చేస్తే పోటీకి వెళ్తుంది. తెర మీద రాతంతా జపాన్ భాషలో ఉండేది. ఏ బటన్ దేనికో నొక్కి తెలుసుకోవడమే.

మాకు తెలిసిన ఐసల్లా పుల్ల ఐసు, చేపల బుట్టల్లో వేసే ఐసు. మా మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, తెరలోకి తొంగి చూసి, "ఆ గుంటేటి అలా జారిపోతంది? నడుం ఇరిగితే రేపు ఎవులు సేసుకుంటారు?" అంది. మా వైపు గుంటంటే ఆడపిల్ల. ఆరోజు నుంచీ దానికి జారుడుగుంట అనే పేరు ఖాయమైపోయింది. అమ్మ కూడా మాకు అన్నం వడ్డిస్తూ, "జారుడుగుంట తినేసిందా?" అని అడిగేది.

అక్క నాకన్నా బాగా ఆడేది. కానీ పోటీలో ఆఖరి గెంతు ఇద్దరికీ వచ్చేది కాదు. ప్రతిసారీ జారుడుగుంట పైకి లేచి, గాల్లో తిరిగి, బోర్లా పడేది. ఈలోగా సెల్స్ అయిపోయేవి. వాటిని డాబా మీద ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లం.

ఆ వేసవిలో అక్క పెద్దమనిషి అయింది. పక్కగదిలో ఒక మూల కొత్త చాప వేసి కూర్చోబెట్టారు. వేరే కంచం, వేరే గ్లాసు. నువ్వుల చిమ్మిలి ఉండలు పెట్టేవారు. ఏదీ ముట్టుకోకూడదు. ముట్టుకున్నదాన్ని పసుపు నీళ్లతో తడపాలి. మామ్మ ఆ పట్టింపు దగ్గర ఎవరి మాటా వినేది కాదు.

ఇక గేమ్ పూర్తిగా నాదే అని సంబరపడ్డాను. జేబులో పెట్టుకుని తిరిగాను. కానీ ఆన్ చేసి చూస్తే జారుడుగుంట తన గదిలో ఒక మూల కూర్చుని ఉంది. నా వైపు వీపు పెట్టి, గోడ వైపు మొహం. ఏ బటన్ నొక్కినా లేవలేదు. అన్నం పెడితే పక్కనే కంచం కనపడింది, అంతే. అలిగినప్పుడు అది మంచం మీద బోర్లా పడుకునేది తప్ప మూల కూర్చోవడం అంతకుముందు మేం ఎప్పుడూ చూడలేదు.

దానికో కారణం ఉండొచ్చు. ఆ జపాన్ రాతలో ఏం రాసి ఉందో మాకేం తెలుసు? నేను ఏదో తప్పు బటన్ నొక్కి ఉంటాను. అప్పుడూ అలాగే అనుకున్నాను. మావయ్య తిడతాడని భయమేసింది, ఆ పిల్ల లేవనందుకు ఒళ్లు మండిపోయింది. గడప దగ్గర నిలబడి అక్క మీద అరిచాను. అమ్మ వచ్చి ఏమైందంది. "అక్క ముట్టుకుంది, పాడుసేసేసింది," అన్నాను.

గేమ్ నా నిక్కరు జేబులోంచి కదల్లేదని నాకు తెలుసు.

"నాను ముట్టుకోనేదమ్మా. దాని మొకమైనా సూడనేదు," అంది అక్క. అమ్మ అక్కని కొట్టింది. అలా మూల కూర్చోబెట్టిన రోజుల్లో ఆడపిల్లని ఎవరూ పల్లెత్తు మాట అనరు. అలాంటిది, కొట్టింది. మామ్మ నా చేతిలోంచి గేమ్ లాక్కుని పసుపు నీళ్ల బకెట్లో ముంచేసింది. నేను ఏడుస్తుంటే, "నీ గుంట సుద్ధైపోయిందిలే, ఊరుకో," అని ఓదార్చింది కూడా.

గేమ్ చచ్చిపోయింది. మూత ఊడదీసి, సెల్స్ తీసేసి, అన్నీ డాబా పిట్టగోడ మీద ఎండకి పెట్టాను. రోజులు గడిచినా ఆరలేదు. తెర లోపల పసుపు మరక అలాగే ఉంది.

అక్కకి స్నానం చేయించే రోజు వచ్చింది. బాగా పొద్దెక్కింది. కింద పెరట్లో పిన్నులూ అత్తలూ చేరి నీళ్లు పోస్తున్నారు. "ఆటబొమ్మని మైలపెట్టిన గుంట ఇదేనా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు కిందికి వెళ్లాలనిపించలేదు. డాబా మీదకెళ్లి, ఎండిన సెల్స్ తీసి అరచేతిలో పట్టుకున్నాను. గేమ్ ఇంకా పిట్టగోడ మీదే ఉంది. దాని పక్క అంచున సెల్స్ పెట్టే గాడి నాకు కనిపిస్తూనే ఉంది. ఖాళీగా ఉంది.

తెర మీద బొమ్మ వచ్చింది.

గది, మూల. మూలలో ఎవరూ లేరు. తర్వాత ఐసు. జారుడుగుంట ఒక్కతీ జారుతోంది. కింద చెంబుతో నీళ్లు గుమ్మరిస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆఖరి గెంతు దగ్గరికి వచ్చింది. లేచింది. తిరిగింది. పడలేదు. కాళ్ల మీద నిలబడి, మొదటిసారి మొహం నా వైపు తిప్పింది. అంతే, తెర ఆరిపోయింది. మళ్లీ ఎన్ని కొత్త సెల్స్ వేసినా వెలగలేదు.

కిందికి వెళ్లి చెప్పాలనుకున్నాను. చెప్తే జేబు సంగతి కూడా చెప్పాలి. చెప్పలేదు.

ముట్టుకుని పాడుచేసిందన్న మాట మాత్రం అక్కతో పాటే పెరిగింది. ఇంట్లో ఏది పాడైనా, "నువ్వు గానీ ముట్టుకున్నావేటే?" అనేవారు. పెళ్లయ్యాక బావ కూడా నేర్చుకున్నాడు. ఈమధ్య అక్క కూతురు పెద్దమనిషైన ఫంక్షన్లో భోజనాల దగ్గర మా పిన్ని, "ఈ గుంటకి ఫోన్ ఇవ్వకండర్రా, అమ్మ పోలికొచ్చిందేమో," అంది. ఆ పిల్ల అక్క వైపు తిరిగి, "నిజంగా ముట్టుకున్నావా అమ్మా?" అని అడిగింది. "నేదే. సెప్పీ సెప్పీ నోరు నొప్పెట్టింది," అంది అక్క. కోపంగా కూడా అనలేదు.

నేను విస్తరి ముందు నుంచి లేచి మొత్తం చెప్పేశాను. జేబు సంగతి, డాబా సంగతి, అన్నీ.

ఒక్కరూ నమ్మలేదు. "అక్క మీద పేమతో సెప్తన్నాడు, పాపం," అంది పిన్ని. బావ, "అది సోలార్‌దై ఉంటది బాబూ, కేలుకులేటర్ల లాగ," అన్నాడు. దానికి సోలార్ పలక లేదు. లోపల చార్జి ఏదైనా మిగిలిందనుకుంటే, అది పసుపు నీళ్లలో మునిగి రోజులైంది. ఎండలో కళ్లు తిరిగి అలా కనిపించిందేమో అన్నారు ఇంకొకరు. రోజూ బ్యాటరీలతో బతికే నాకు వీళ్లు పాఠం చెప్తున్నారు. డాబా సంగతి నమ్మకపోతే పోనీ, అక్క ముట్టుకోలేదన్న ముక్క అయినా నమ్మండి అన్నాను. రెండూ కలిపే కొట్టేశారు. గొంతు పెంచి మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. నవ్వారు.

చేతులు కడుక్కుంటుంటే అక్క పక్కకొచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"పడనేదా?" అంది.

"పడలేదు. నిలబడింది."

తనూ పంపు కింద చేతులు కడుక్కుంది. తర్వాత కొంగుతో తుడుచుకుంటూ, "నాను నమ్ముతన్నాన్లే ఒరే. వాళ్లతో ఎందుకు వాదిస్తావు? నానెప్పుడో మానేసేను," అని లోపలికెళ్లిపోయింది.

సెల్స్ లేకుండా ఆ తెర ఎలా వెలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. వాదించడం మాత్రం నేను మానను. మా అక్క ఆ గేమ్ ముట్టుకోలేదు.