కోచ్ విసిరిన పాలపన్ను

మేముండే ఊరు పిస్కాటవేలో మా అమ్మాయికి ఐస్ హాకీ నేర్పిన కోచ్‌కి ముందు పళ్లు నాలుగు లేవు. తను ఆడే రోజుల్లో పోయాయట. ఆట ఆడే ఐస్ రింక్‌లోకి దిగే ముందు కట్టుడు పళ్లు తీసి, డబ్బీలో పెట్టి, జేబులో వేసుకునేవాడు. ఆ బోసినోటితో ఒక్క కేక వేస్తే, చూడ్డానికొచ్చిన తల్లిదండ్రులం కూడా సర్దుకుని కూర్చునేవాళ్లం.

ఒక శనివారం ప్రాక్టీస్‌లో మా ఆరేళ్లదానికి పాలపన్ను ఊడింది.

"రూఫ్ మీద వెయ్యాలి కోచ్! లేకపోతే కొత్తది రాదు, అమ్మమ్మ చెప్పింది," అని ఒకటే ఏడుపు.

నాకు తల కొట్టేసినట్టయింది. "మా పాత అలవాటు లెండి, ఇంటికెళ్లి చూసుకుంటాం," అన్నాను.

ఆయన నవ్వలేదు. స్కేట్స్ విప్పి, పిల్లను వెంటబెట్టుకుని బయటికి నడిచి, పన్నును రింక్ కప్పు మీదికి విసిరాడు. అది అంచుకు తగిలి కింద మంచులో పడింది. అంత మనిషీ మోకాళ్ల మీద కూలబడి, వేళ్లు ఎర్రబడేదాకా వెతికి, మళ్లీ విసిరాడు. ఈసారి పైకెక్కింది.

"మరి మీ టీత్ ఎవరూ రూఫ్ మీద వెయ్యలేదా?" అని అడిగింది మా పిల్ల.

"ఐస్ మీద పడ్డాయి కిడ్డో. గేమ్ ఆగలేదు," అన్నాడాయన, మోకాళ్ల మంచు దులుపుకుంటూ. "ఎవరూ వెతకలేదు."