నీళ్లియ్యని సుక్కమ్మ

మేళ్లచెరువు దగ్గరి సున్నపురాయి గనిలో కూలీలకు నీళ్లందించడం సుక్కమ్మ పని. ఆ రోజు దశరథ్ రాతిగట్టు మీంచి జారిపడ్డాడు. లేపి కూర్చోబెట్టబోయిన వాళ్ల మీద ఆమె విరుచుకుపడింది.

"ముట్టకుండ్రి! మెడ ఇరిగితే జిమ్మేదారి ఎవనిది? స్ట్రెచర్ తేండ్రి!"

"పెద్దమ్మా, జర నీళ్లు," అన్నాడు దశరథ్.

"దవాఖానల తాగుదువు గని. కదలకు బిడ్డా."

అంబులెన్స్ వచ్చేదాకా అతని తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, ఎర్రటెండలో మోకాళ్ల మీదే కూర్చుంది.

సాయంత్రం ఇంటికెళ్లి, పదేళ్లుగా నడుము కింద కదలిక లేని భర్త కృష్ణయ్యకు నీళ్లు తాగించింది. అదే గనిలో అతను పడిననాడు, అందరికంటే ముందు ఉరికి, లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించింది ఆమే.