నాలుగో చక్రం

బోయిగూడలో మా పైవాటాలో ఉండే రిటైర్డు రైల్వే పెద్దాయన బొమ్మ గూడ్సు వ్యాగన్లు కట్టేవాడు. చక్రాలు బిగించగానే వ్యాగన్‌ని ఒక అద్దం పలక మీద పెట్టి, వేలితో మూల నొక్కేవాడు. నాలుగు చక్రాలూ సమంగా ఆనకపోతే టక్కుమనేది. ఆ అద్దం, రిటైరైన రోజు ఆయనకిచ్చిన సన్మానపత్రం ఫ్రేములోంచి ఊడదీసింది.

ఆయన దగ్గర నేర్చుకుంటూ నేను కట్టిన మొదటి వ్యాగన్ టక్కుమంది.

“మూడే ఆనినయ్. నాలుగోది టికెట్ లేని ప్యాసింజర్. ఇప్పి మళ్ల బిగియ్,” అన్నాడు.

నాకు రోషం వచ్చింది. “మీది పెట్టండి అంకుల్, చూద్దాం,” అన్నాను.

రంగు కూడా వేసేసిన తన వ్యాగన్ పెట్టి నొక్కాడు. అదీ టక్కుమంది.

నేను నవ్వు ఆపుకున్నాను. ఆయన స్క్రూడ్రైవర్ అందుకుని, అద్దాన్ని లుంగీ అంచుతో ముద్దుగా తుడిచాడు.

“సన్మానపత్రానికి మొహమాటముండె. గీ అద్దానికి లేదు.”