శాలువా కింద బరువు

కసిల్దా రోజూ తెల్లారగానే కార్ఖానా వెనక్కి వెళ్లి, తూము షట్టరు ఎత్తి, జీన్సు ఉతికిన నీలినీళ్లను ఊరికాలువలోకి వదులుతుందట. రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్లు చెప్పుకునే మాట ఇది. సాక్ష్యం ఆమె చేతులే. మణికట్ల దాకా నీలం.

"నిన్న సాయంత్రం నా కళ్లతో చూశాను," అంది రొట్టెలమ్మే దోన్యా పీఫా. "శాలువా కింద ఏదో గుండ్రంగా, ఇంత బరువుది, ఒగురుస్తూ మోసుకుపోతోంది. యజమాని ఇచ్చిన చీజు ముద్దే అయ్యుంటుంది."

"మన మిరపచేలకు విషం, ఆవిడకు చీజు! బాగుందమ్మా బేరం!" అంది వెనకనున్న ఆమె.

తెవకాన్ లోయలోని ఆ కార్ఖానాలో నీళ్లను కనిపెట్టుకుని ఉండడం కసిల్దా పని. తాడుకు ఇనపగుండు కట్టి బావిలోకి వదిలి, తడి ఎక్కడ తగిలిందో కొలిచి గోడ మీద సుద్దతో రాస్తుంది. ఈస్టరుకు ఎనభై మూడు మీటర్లు. ఇప్పుడు తొంభై ఒకటి. వాడిన నీళ్లు వెనక తొట్టిలో చేరి, శుద్ధి యంత్రంలోంచి పోవాలి. తొట్టికీ ఊరికాలువకూ మధ్య ఒక్క షట్టరే అడ్డు. దాని అంచున సన్నగా కారుతుంది. రోజూ తెల్లారగానే గుడ్డపీలికలూ బంకమట్టీ కుక్కి ఆపుతుంది. ఆ నీలం సబ్బుకు పోదు.

నిన్న ఉదయం శుద్ధి యంత్రం పంపు ఆగిపోయింది. మెకానిక్ మర్నాటికి గానీ రానన్నాడు. ఆరువేల ప్యాంట్లు శుక్రవారానికి లారీ ఎక్కాలి. తొమ్మిదింటికి తొట్టి అంచుకు జానెడు కింద ఉన్న నీళ్లు, పదింటికి నాలుగు వేళ్ల దూరానికి వచ్చాయి. కసిల్దా కాళ్లు ఒకచోట నిలవలేదు. తొట్టి నుంచి బావికి, బావి నుంచి తొట్టికి. కొలిచిందే మళ్లీ కొలిచింది.

దోన్ ఎవారిస్తో అనే మేస్త్రీ వచ్చి తొట్టిలోకి తొంగిచూశాడు.

"ఒక్క అరగంట షట్టరు ఎత్తు పిల్లా. ఎవడు చూడొచ్చాడు?"

"ఇవాళ కాలువ వంతు దోన్ అబుందియోది, రెండింటి దాకా. మొక్కజొన్నకు తడి పెడుతున్నాడు."

"పెట్టుకోనీ. నీలం మొక్కజొన్న పండుద్ది. సంతలో దానికే గిరాకీ!"

ఆమె నవ్వలేదు. చేతులు ఏప్రాన్‌లో దాచుకుని, నేల చూస్తూ చెప్పింది. "ఆఖరి జాడింపు నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి దోన్. వాటినే మొదటి ఉతుక్కి తోడుదాం. తొట్టి ఇంత తొందరగా నిండదు. బావికీ మంచిది."

"ప్యాంట్లకు మరకలు పడితే నా తల తీస్తారు."

"మొదటి ఉతుకే కదా. తర్వాత రెండు జాడింపులున్నాయి."

అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "సరే. మరక పడిందా, నువ్వెవరో నేనెవరో."

గొట్టాలు మార్చారు. రెండయింది, కాలువ వంతు ఇంకొకరికి మారింది. మూడయింది. ఉతికిన ప్యాంట్లు ఎండలో తిరగేసి చూశారు. మరకల్లేవు. ఆరింటికి యంత్రాలు ఆపేసరికి నీళ్లకూ అంచుకూ మధ్య ఒక వేలు మిగిలింది.

"గట్టెక్కాం," అన్నాడు మేస్త్రీ. "కానీ రేపు ఎనిమిదింటికి మెకానిక్ రాకపోతే ఎత్తాల్సిందే. నువ్వెత్తవా, నేనే ఎత్తుతా. ఉద్యోగం ఉండాలని ఉందా లేదా నీకు?"

ఉంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. మరో పని ఈ ఊళ్లో దొరకదు. గేటు దాకా వెళ్లి ఆగింది. శాలువా విప్పి మళ్లీ కప్పుకుంది. తర్వాత వెనక్కి తిరిగి తొట్టి వైపు నడిచింది.

ఇవాళ పొద్దున్న ఆమె రొట్టెల వరసలోకి రాగానే మాటలు ఆగిపోయాయి.

"చీజు కమ్మగా ఉందా కసిల్దా?" అంది దోన్యా పీఫా.

కసిల్దా మెకానిక్ బండి వచ్చే దారి వైపు చూస్తూ, వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది.

నిన్న శాలువా కింద ఉన్నది షట్టరు ఎత్తడానికి తిప్పే ఇనప చక్రం. ఇప్పుడది ఆమె వంటింట్లో మొక్కజొన్నల డబ్బా వెనక ఉంది.