కత్తెరక్క చక్కెర పొట్లం

కుట్టుమిషన్ల షెడ్డులో బట్ట కత్తిరించే ఆమెను అందరూ కత్తెరక్క అంటారు. ఆమె చేతిలో కాలరు వంకర పోదు. ఎదుటివాడి మాట వంకర పోతే ఆమె ఊరుకోదు. చాన్నాళ్లుగా షుగరు. పొద్దున్నే ఇన్సులిన్ పొడుచుకుని పనికొస్తుంది.

జబ్బు ఆమె ఒక్కదానిదే, వైద్యులు మాత్రం షెడ్డు నిండా ఉన్నారు. ఆమె టీ గ్లాసు మీద అందరి కళ్లూ కాపలా. ఇంట్లో ఆడపడుచు చక్కెర డబ్బాను అటకెక్కించింది. అంతా ప్రేమే. ఆ ప్రేమే చివరికి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ రోజు అర్జెంటు ఆర్డరని మేస్త్రి భోజనం బెల్లు కొట్టనివ్వలేదు. ఇన్సులిన్ పడ్డ ఒంటికి వేళకి తిండి లేక కత్తెర పట్టిన చెయ్యి వణికింది. చెమటలు పోశాయి, గుండె దడదడలాడింది. తన ఒంటి సంగతి తెలిసిన మనిషి కనుక సంచిలోంచి చక్కెర పొట్లం తీసింది. పక్కబల్ల ఇస్త్రీ తమ్ముడు లటుక్కున లాక్కున్నాడు.

"షుగరు పెట్టుకుని చక్కెర మెక్కుతావా అక్కా? బుద్ధుండక్కర్లా?"

"ఇటివ్వరా... షుగర్ పడిపోతోంది..."

"పడితే మంచిదేగా. మా గోలంతా అందుకేగా."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె బల్లమీదికి ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచింది. డాక్టరమ్మ ఇస్త్రీ తమ్ముణ్ణి నిలబెట్టి కడిగేసింది.

"షుగరు పెరిగితేనే రక్తనాళాలు చెడతాయనుకున్నావా? ఇలా పడిపోయినా వాటికి దెబ్బే. ఒళ్లు బెదిరిపోతుంది, గుండె పరుగెడుతుంది. నాళాల లోపలి పొర వాపెక్కుతుంది, రక్తం గడ్డకట్టే వైపు మొగ్గుతుంది. ఏళ్ల తరబడి షుగరుతో ఈమె నాళాలు అసలే నలిగున్నాయి. మాటిమాటికీ ఇలాగైతే గుండెకే ముప్పు."

"మంచికే లాక్కున్నానండీ," అని గొణిగాడు.

"నీ మంచితనం తగలెయ్య," అంది కత్తెరక్క మంచమ్మీంచి.

మళ్లీ పనిలోకి వచ్చిన రోజు టేపు వేలాడే మేకుకే చక్కెర పొట్లం తగిలించింది. మేస్త్రి మూతి ముడిచాడు.

"బట్టకి చీమలు పట్టవూ?"

"చీమల మీదున్న దిగులు మనిషి మీద లేదా మేస్త్రీ? నన్ను పడేసింది చక్కెర కాదు, నువ్వాపిన బెల్లు."

మేస్త్రి మాత్రం మారలేదు. ఆ మధ్యాహ్నం కూడా బెల్లు మోగలేదు. కత్తెరక్క కత్తెర కిందపెట్టి క్యారియరు విప్పింది. ఇస్త్రీ తమ్ముడు మేస్త్రి వైపు చూడకుండా పెట్టె స్విచ్చి కట్టేశాడు. వెనక మిషన్లు ఒకటొకటిగా ఆగాయి.